భావన్న తలుపు

నేను ఒక నల్లటి డబ్బాను. అగ్గిపెట్టె కంటే పెద్దదాన్ని, సబ్బుపెట్టె కంటే చిన్నదాన్ని. దూరం నుంచి ఎవరో మీట నొక్కితే తాళంచెవి లేకుండానే కారు ఇంజిను వేయడం నా పని. రిమోట్ స్టార్టర్ అంటారు నన్ను. సముద్రం అవతల ఎక్కడో, మంచుకు కార్లు బిగుసుకుపోయే దేశాల కోసం నన్ను తయారుచేశారు. బండిని వెచ్చబెట్టడానికి పుట్టినదాన్ని, తీరా వచ్చి పడింది బెజవాడ ఎండల్లో. ఇక్కడ ముందుగా ఏసీ వేసి బండిని చల్లబెట్టాలట. ఏ వస్తువు దేనికి పుట్టిందో మనుషులకు పట్టదు, తమకు దేనికి పనికొస్తుందో అదే చూస్తారు. నాకేం, బండిలో చోటు దొరికింది, అదే చాలనుకున్నాను.

నన్ను కొన్నది శేషుకుమారి. కంకిపాడులో పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది. తమ్ముడు భావన్నారాయణ ఒకప్పుడు జిల్లా కబడ్డీ ఆటగాడు. ఒకనాడు కూతకు వెళ్ళి నలుగురి కింద పడితే మెడ విరిగింది. అప్పటి నుంచి చక్రాల కుర్చీయే. మెడ కింద ఒళ్ళు అతని మాట వినదు. బొటనవేలి పక్కతో దేన్నయినా నొక్కగలడు, అంతే. ఇంకో కష్టం కూడా ఉంది. అతని ఒంటికి చెమట పట్టదు. ఒంట్లోకి పోయిన వేడి బయటికి రాదు. అందుకే అతణ్ణి బండి ఎక్కించే ముందు బండి చల్లగా ఉండాలి. శేషుకుమారి వెతికి వెతికి, పక్క తలుపు దానంతటదే జరిగే పాత వ్యాను ఒకటి కొనుక్కుని ఆటోనగర్‌లో నాగూర్ మీరా షాపు ముందు ఆపింది.

నాగూర్ మీరా కార్ల కరెంటు పనివాడు. నన్ను ఇంజినుకు కలపడం అతనికి వేడినీళ్ళు కాచినంత తేలిక. చిక్కంతా తలుపు దగ్గర వచ్చింది. నేను ఇంజిను వేస్తే తలుపు తెరుచుకోనని మొరాయించేది. తాళంచెవి లేదు, ఇంజిను తిరుగుతోంది, ఎవడో దొంగ అని వ్యాను అనుమానం. దాని అనుమానం తీర్చేలోపు మీరాకు తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి రిలే అనే చిన్న కరెంటు స్విచ్చు ఒకటి పెట్టి, తలుపు వైరును దాని మీదుగా నాకు కట్టాడు. రిమోట్ తెచ్చి భావన్న ఒళ్ళో పెట్టి, "నొక్కు తమ్ముడూ" అన్నాడు.

భావన్న నొక్కాడు. ఇంజిను వేశాను. రెండో మీట నొక్కాడు. తలుపు మెల్లగా వెనక్కి జరిగింది.

"చూడక్కా, నా మాట ఇంటందే ఇది!" అని పకపకా నవ్వాడు. మళ్ళీ మూయించాడు, మళ్ళీ తెరిపించాడు. శేషుకుమారి కొంగు అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. నాకు గర్వంగా అనిపించింది. కోట్లమందికి అనుకోగానే చెయ్యి లేస్తుంది. ఈ మనిషికి లోకంలో నేనూ, ఆ తలుపూ తప్ప మాట వినేవాళ్ళు లేరు.

ఆ తర్వాత భావన్న ఇంట్లో ఉంటే ఒట్టు. గన్నవరం వెళ్ళే దారిలో ఆడపిల్లల కబడ్డీ జట్టు ఒకటి ఉండేది. మైదానం అంచున వ్యాను ఆపి, తలుపు తెరిపించి, లోపలి నుంచే కేకలు వేసి వాళ్ళకు ఆట నేర్పేవాడు. "ఏమ్మా సుగుణా, కాలు అందిస్తావేంటి వాళ్ళకి, కడగమని పెళ్ళికొడుకు అందించినట్టు?" అనేవాడు. పిల్లలు నవ్వుకుంటూ మళ్ళీ మొదలుపెట్టేవారు. శేషుకుమారి పనిమీద ఎటైనా వెళ్ళాలంటే తలుపు మూసి, తాళంచెవి తనతో తీసుకుని వెళ్ళేది. లోపల నేను ఏసీ నడిపించేదాన్ని. పావుగంటకోసారి ఇంజిను ఆపేయడం నా స్వభావం. భావన్న మళ్ళీ నొక్కేవాడు, మళ్ళీ వేసేదాన్ని. మా ఇద్దరికీ అది అలవాటైపోయింది.

దసరా వచ్చింది. అందరిలాగే శేషుకుమారి బండికి పూజ చేసింది. చక్రాల కింద నిమ్మకాయలు, అద్దానికి బంతిపూల దండ. పసుపు తడిపి ప్రతి తలుపుకీ రాసి, కుంకుమ పెట్టింది. తమ్ముడు ఎక్కే తలుపు అంటే ఆవిడకు ప్రాణం. దానికి బయట పెట్టింది చాలక, అంచులకూ గుమ్మానికీ లోపలి దాకా చేతినిండా పూసింది. "చల్లగా చూడు తల్లీ" అని దణ్ణం పెట్టింది. ఆ గుమ్మంలో చిన్న ఇత్తడి బిళ్ళలు ఉంటాయి. తలుపు మూసుకున్నప్పుడు దాని మొనలు వచ్చి ఆ బిళ్ళలకు ఆనుకుంటాయి. తలుపు గడియ విప్పే కరెంటు వెళ్ళేది ఆ దారినే, మూసుకుందో లేదో నాకు తెలిసేదీ ఆ దారినే. తడిపసుపు వాటి మీద ఎండి, పెచ్చుకట్టి, నెలలు గడిచేకొద్దీ ఇత్తడిని తినడం మొదలుపెట్టింది. తలుపు అప్పుడప్పుడూ తడబడేది. శేషుకుమారి ఒక్కటి చరిస్తే కదిలేది. పాత బండి కదా అనుకున్నారు.

వైశాఖంలో ఆడపిల్లల జట్టు ఫైనలుకు వచ్చింది. మైదానం చుట్టూ జనం, మైకులు. వ్యాను నిలపడానికి మైదానం లోపల చోటు ఇప్పించమని అడగడానికి శేషుకుమారి ఎప్పటిలాగే తలుపు మూసి నిర్వాహకుల దగ్గరికి వెళ్ళింది. "ఇప్పుడే వచ్చేస్తాన్రా" అంది. అక్కడ వాళ్ళు ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ ఆవిణ్ణి నిలబెట్టేశారు.

పావుగంటకు నేను ఇంజిను ఆపాను. భావన్న నొక్కాడు. తలుపు మూసి ఉందా అని చూశాను. పావుగంట క్రితం పలికిన బిళ్ళ ఇప్పుడు పలకలేదు. తలుపు తెరిచి ఉంటే ఇంజిను వేయకూడదని నాకు పుట్టుకతో నేర్పారు. వేయలేదు. తలుపు తెరవమని నొక్కాడు. ఆ దారిన కరెంటు పోలేదు. అక్కకు ఫోను చేశాడు, మైకుల హోరులో ఆవిడకు వినబడలేదు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ మళ్ళీ నొక్కాడు. ప్రతిసారీ అతని పిలుపు నాకు అందింది. అతను పిలుస్తున్నాడు, నేను వింటున్నాను, చేయగలిగింది ఏమీ లేదు. అంతకంటే పెద్ద నరకం వస్తువుకు ఉండదు. కాసేపటికి నొక్కడం ఆగిపోయింది.

పిల్లలు గెలిచారు. కప్పు చూపిద్దామని వ్యాను దగ్గరికి ముందు పరుగెత్తి వచ్చింది వాళ్ళే. అద్దం పగలగొట్టిందీ వాళ్ళే. ఆసుపత్రిలో తెల్లారేసరికి భావన్న పోయాడు.

దినాలు అయ్యాక శేషుకుమారి వ్యానును నాగూర్ మీరా దగ్గరికి తోయించుకొచ్చింది. "ఎందుకు తెరుచుకోలేదో చెప్పు" అంది. మీరా తలుపు ఊడదీశాడు. గుమ్మంలో పసుపూ కుంకుమా కలిసి గట్టిపడిన పెచ్చు చూశాడు. ఆవిడ వైపు వీపు పెట్టి స్క్రూడ్రైవరుతో దాన్ని గీకి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ జేబులో కుక్కుకున్నాడు. తర్వాత లేచి నిలబడ్డాడు.

"నేను లాగిన వైరు ఊడిందమ్మా. తప్పు నాదే."

"నీ చేతులు పడిపోను! నిన్ను నమ్మి నా తమ్ముణ్ణి నీ చేతిలో పెట్టాను కదరా!" అని ఆవిడ రొమ్ము బాదుకుంది. వీధి వీధంతా చూస్తుండగా అతని చొక్కా పట్టుకుని గుంజింది. మీరా తలెత్తలేదు.

నన్ను వ్యానులోంచి పీకి షాపులోనే ఒక రేకు డబ్బాలో పడేశారు. మీరా లాగిన వైరు ఊడి మనిషి పోయాడన్న మాట ఆటోనగర్ అంతా పాకింది. అతనికి మంచి బేరాలు తప్పిపోయాయి. ఒకరోజు అన్నం తెచ్చిన భార్య మస్తానమ్మ ఊరుకోలేక, "నీ తప్పు కాదని ఒక్క మాట చెప్పకూడదా? ఎన్నాళ్ళు పడతావు ఈ మాటలు?" అంది.

మీరా ముద్ద కలుపుతూ, "నన్ను తిట్టుకుంటే బతుకుద్ది. నిజం తెలిస్తే ఆవిడ తన చేతుల్నే నరుక్కుంటది. తిట్టుకోనీ" అన్నాడు.

ఇప్పుడు పాత ఇనుము కొనేవాడి గోతంలో, తెగిన వైర్ల మధ్య పడి ఉన్నాను. నాలోని రాగిని కరిగిస్తారు, మిగతాది కాల్చేస్తారు. మీకు చెప్పాను గాని, ఇది మీలోనే ఉంచుకోండి. ఎప్పుడైనా కంకిపాడు వెళ్ళి పచ్చడి కొనుక్కుంటే, శేషుకుమారి తప్పకుండా తమ్ముడి సంగతి చెబుతుంది. వాణ్ణి చంపింది ఆ మీరాయేనండీ అంటుంది. అప్పుడు వాదించకండి. అవునమ్మా అనండి.