గ్లోరీ గుండు

నలభై రెండేళ్ల ఆడమనిషి, అందులోనూ బాప్టిస్టు సంఘంలో పెత్తనం చేసే డీకను పెళ్లాం, ఉన్నట్టుండి గుండు చేయించుకుంటే ఆమదాలవలస ఊరుకుంటుందా? ఊరుకోలేదు.

అసలు సంగతి చెబుతాను. గ్లోరీకి తలనిండా సొరియాసిస్. రెండేళ్లపాటు చుండ్రే అనుకుంది. నిమ్మకాయ రుద్దింది, వేపాకు నూరి పట్టించింది, దువ్వెనతో పొలుసులు గీకింది. గీకిన చోటల్లా రెట్టింపు లేచాయి. భుజాల మీద తెల్లగా రాలేది కనబడుతుందని నల్ల జాకెట్టు వేసుకోవడమే మానేసింది. చివరికి శ్రీకాకుళంలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళితే ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. రక్తం చెడీ రాలేదు, శుభ్రం లేకా రాలేదు. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారి తప్పి కొత్త చర్మాన్ని తొందరపెట్టి పుట్టిస్తుంది, అదే పొలుసులుగా పేరుకుంటుంది. పూర్తిగా పోదు గానీ అదుపులో పెట్టుకోవచ్చు. లోషను జుట్టుకి కాదు, మాడుకి అంటాలి. గీకకూడదు. బెంగ పెట్టుకుంటే ఇంకా ముదురుతుంది. గుండు అక్కర్లేదు, పాయలు తీసి రాసుకుంటే చాలు.

పాయలు తీసి రాసేదెవరమ్మా? భర్త కృపారావుకి ఆ తల చూస్తేనే డోకు. గ్లోరీది నడుము దాటిన జుట్టు, లోషనంతా అదే తాగేసేది. రెండు నెలలు చూసి విసిగి, ఒక సోమవారం పూట మంగలిని ఇంటికి పిలిపించి మొత్తం తీయించేసింది. ఏడవలేదు. ఎన్నాళ్లకో మాడుకి గాలి తగిలి ప్రాణం హాయిగా ఉందనుకుంది కూడా.

ఆ హాయి మంగళవారం దాకానే. పక్కింటి ఈశ్వరి వాళ్లు సరిగ్గా ఆ వారమే సింహాచలం వెళ్లి తలనీలాలు ఇచ్చి వచ్చారు. కుళాయి దగ్గర గ్లోరీ ముసుగు జారితే చూసి, ఈశ్వరి పాపం ఎంత సంబరపడిందో. “నువ్వూ మొక్కుకున్నావేటే గ్లోరీ? సెప్పుంటే కలిసెల్దుము కదా” అంది. వెనకాలే బిందెతో నిలబడిన లీలారాణి చెవిన ఆ మాట పడింది. లీలారాణి సంఘంలో స్త్రీల సమాజానికి కార్యదర్శి. ఇంకేముంది, కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. గురువారానికల్లా గ్లోరీ కొండ మెట్లెక్కడం కళ్లారా చూసినవాళ్లు కూడా తయారయ్యారు. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం ముందు జవాబు చెప్పుకోవాలని పాస్టరు ఇమ్మానుయేలు కబురు పంపాడు.

గ్లోరీకి పోయేదేమిటంటారా? రొట్టె. నెలకొకసారి సంఘమంతా ఏసు పేరున పంచుకు తినే ప్రభువు బల్లకి రొట్టె కాల్చి, చిన్న చిన్న ముక్కలు కోసి, తెల్లగుడ్డ కప్పి పంపేది తొమ్మిదేళ్లుగా ఆవిడే. పిల్లల్లేరు, చదువు లేదు, పాట రాదు. ఆ గుడిలో గ్లోరీ అంటే ఆ రొట్టే. అది పోతే ఆవిడ్ని ఎవరు తలుచుకుంటారు? అందుకే ఉన్నదున్నట్టు జబ్బని చెప్పేసి, డాక్టరమ్మ చీటీ చూపించి బయటపడదామనుకుంది.

శనివారం మధ్యాహ్నం అన్నం తింటూ కృపారావు ఆ దారి మూసేశాడు. “జబ్బని మాత్రం సెప్పకు. మొక్కుకున్నానని ఒప్పీసుకో” అన్నాడు.

గ్లోరీ నిర్ఘాంతపోయింది. చెయ్యని పాపం ఎలా ఒప్పుకుంటానంది. అంటుకోదని డాక్టరమ్మ చెప్పింది కదా అంది.

“డాక్టరమ్మ మన సంఘంలో ఉన్నాదేటి? పాపానికైతే మూడు నెల్లు ఎనక బల్ల మీద కూకోబెట్టి, తరవాత సెమించీస్తారు. తల్లోంచి పొట్టు రాలే మనిషి సేతి రొట్టె ఎవుడు తింతాడు? షీబాని సూడ్నేదా?”

చూడకేం, చూసింది. తొమ్మిదేళ్ల కిందటి దాకా ఆ రొట్టె పని షీబాది. చేతుల మీద తెల్లమచ్చలు లేచాయని ఒక్కరోజులో తప్పించేశారు. అంటుకోవు మొర్రో అని షీబా మొత్తుకున్నా వినలేదు. ఆ రోజు, ఆ చేతి ముక్క నా గొంతు దిగదని అందరికంటే గట్టిగా అన్నది గ్లోరీయే. పోయిన నెల డాక్టరమ్మ గది ముందు ఇద్దరూ ఎదురుపడ్డారు. లోపల డాక్టరమ్మ తలకి సొరియాసిస్ అనడం విన్నదేమో, షీబా నవ్వబోయింది. గ్లోరీ తల తిప్పుకుంది.

ఆదివారం నిండు గుడిలో ముసుగేసుకుని నిలబడింది. పాస్టరు అడిగాడు. గ్లోరీ ఇంకా నోరు విప్పలేదు, చిట్టచివరి బల్ల మీంచి షీబా లేచింది.

“అయ్యగారూ, ఆ పిల్ల ఏ మొక్కూ మొక్కనేదు. తలకి సొరియాసిస్. డాక్టరమ్మకాడ నేను సూసేను. అది అంటుకోదు. నాదీ అంటుకోదు. తొమ్మిదేళ్లనుంచీ సెప్తన్నాను.”

ముందు బల్ల మీది ఇద్దరాడవాళ్లు చీర కుచ్చెళ్లు దగ్గరికి లాక్కుని జరిగారు. లీలారాణి చూపు గ్లోరీ తల మీంచి చేతివేళ్ల మీదికి దిగి అక్కడే ఆగింది. ఎన్నేళ్లు ఆ వేళ్లు తాకింది తిన్నామా అన్నట్టు పెదాలు తుడుచుకుంది. తన కోసం నిలబడిన మనిషి మీద గ్లోరీకి జాలి పుట్టలేదు, కృతజ్ఞతా పుట్టలేదు. ఒళ్లు మండింది.

“షీబక్క అబద్దం ఆడతంది” అంది, తొణకకుండా. “నాకే జబ్బూ నేదు. ఆ డాక్టరమ్మకాడికి నేనెప్పుడూ ఎల్లనేదు. సింహాచలం మొక్కుకున్నాను, తీర్సుకున్నాను. పాపం సేసేను, సెమించండి. తనకి రోగం కదా, అందరికీ ఉండాలనుంటాది.”

పాపమేనా, ఇంకా ఏమోననుకున్నాం అని సంఘమంతా ఊపిరి పీల్చుకుంది. గ్లోరీకి మూడు నెలలు వేశారు. దేవుని మందిరంలో తోటి సహోదరి మీద అబద్ధమాడినందుకు షీబాకి ఏడాదిపాటు ప్రభువు బల్ల లేదన్నారు. షీబా గ్లోరీ వంక ఒక్కసారి చూసి, బైబిలు చంకలో పెట్టుకుని పక్క గుమ్మంలోంచి వెళ్లిపోయింది.

లీలారాణి వచ్చి గ్లోరీని గట్టిగా వాటేసుకుంది. మూడు నెలలు ఎంతలో పోతాయి, మళ్లీ నీ చేతి రొట్టే తింటాం అని ఓదార్చింది. ముసుగు కింద మాడంతా భగ్గుమని ఒకటే దురద. గ్లోరీ పిడికిళ్లు బిగించి, ఆవిడ వదిలేదాకా కదలకుండా నిలబడి, స్తోత్రం అంది.