‘రోక్’ కార్డు

చెకోస్లొవేకియాలోని బ్ర్నో నగరంలో ఒక నిఘంటు కార్యాలయంలో నాలుగు లక్షల కార్డులున్నాయి. 1951 ఏప్రిల్‌లో వాటిలో ఒకే ఒక్కటి అక్కడ పనిచేసే ఓతిలీ కుబేషోవా ప్రాణం మీదికి తెచ్చింది.

అది ‘రోక్’ అనే మాట కార్డు. చెక్ భాషలో రోక్ అంటే ఏడాది. క్రొయేషియావాళ్ళకు గడువు. రష్యన్లకు తప్పించుకోలేని విధి. మూడింటికీ మూలం ఒకటే, ‘చెప్పడం’ అనే పాత క్రియ. పెద్దలు చెప్పిన రోజు గడువైంది, గడువు మీద గడువు తిరిగి ఏడాదైంది, పైవాడు చెప్పింది విధి అయింది. జర్మన్లు మాత్రం లంగాను రోక్ అంటారు. దానికీ వీటికీ ఏ చుట్టరికమూ లేదు.

ఇదంతా ఆమెకు విడమరిచి చెప్పింది ప్రొఫెసర్ క్రెపెల్కా. ప్రభుత్వం వెతుకుతున్న మనిషి. పోయిన నెల దొంగచాటుగా వెళ్ళి కలిసింది. ఆఫీసు అలవాటు కొద్దీ కార్డు కింద చెప్పినవారి పేరు, తేదీ, తన సంతకం అన్నీ పెట్టింది. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే. నిన్న పోలీసులతో, ఆయన్ని చూసి ఏడాది దాటిందని చెప్పి వచ్చింది. ఇవాళ వాళ్ళు సొరుగులు తనిఖీ చేస్తారట.

“ఏంటమ్మా, మొహం అలా పాలిపోయింది? ఆ జర్మను లంగా ఇంకా వదల్లేదా నిన్ను?” అన్నాడు పక్క బల్ల సిరిల్.

“తలనొప్పండీ, అంతే.”

“అయితే ఇంటికి పో. పదింటికి ఆ మహానుభావులు దిగుతారు. వాళ్ళని చూస్తే ఉన్న నొప్పి రెట్టింపవుతుంది.”

ఆయన టీకి వెళ్ళగానే ఓతిలీ సొరుగు లాగి, కార్డు తీసి, మూలనున్న బొగ్గు పొయ్యిలో పడేసింది. పూర్తిగా కాలేదాకా అక్కడే నిలబడింది. అప్పుడు గానీ ఊపిరి ఆడలేదు.

పదింటికి ఇద్దరు వచ్చారు. వాళ్ళలో పెద్దాయన ఒక్కొక్కటే తెరుస్తూ అదే సొరుగు దగ్గరికి వచ్చాడు. తెల్ల కార్డుల మధ్య గులాబీ రంగు చీటీ ఒకటి తల పైకెత్తి ఉంది.

కార్డు ఎవరు తీసినా ఆ చోట గులాబీ చీటీ పెట్టాలి. ఇరవై ఏళ్ళుగా ఓతిలీ చేతులు ఆ పని తమంతట తామే చేస్తున్నాయి. పొద్దున కూడా చేశాయి.

“రోక్. తీసినవారు ఓ. కుబేషోవా. తేదీ ఇవాళ్టిదే. తిరిగి పెట్టే రోజు దగ్గర ఒట్టి గీత,” అని చదివాడాయన. “మంచి పద్ధతి గల మనిషివి, కామ్రేడ్. ఆ కార్డేదమ్మా?”

సిరిల్ తల దించుకున్నాడు. భయంతో ఓతిలీ కళ్ళు పొయ్యి వైపు తిరిగాయి. పెద్దాయన కళ్ళూ వాటి వెంటే వెళ్ళాయి.