వడ్డాణం లేని ఏడు

ప్లెవెన్ పట్టణంలో మా కంపెనీ చేసిన యంత్రానికి ఒకటే పని. రక్తం ఇస్తే, అందులో విషక్రిములు ఉన్నాయో లేవో గంటలో చెప్పాలి. ఆసుపత్రులకు అమ్మాలంటే తనిఖీ సంస్థ అనుమతి కావాలి. అందుకు దస్త్రం తయారుచేసేది నేను.

రెండు వందల నలభై నమూనాలు పరీక్షిస్తే, తొమ్మిదింటిని యంత్రం శుభ్రమంది. పాత పద్ధతిలో పళ్ళాల్లో పెంచి చూస్తే ఆ తొమ్మిదింటిలోనూ క్రిములు మొలిచాయి.

మా డైరెక్టర్ దిమ్చెవ్ కాగితం చూసి నవ్వాడు.

"యంత్రం తప్పు కాదు వెసెలినా, చేతిరాత తప్పు. సీసాల మీద ఒకటిని ఏడనుకుని తారుమారు చేసుంటారు. మనవాళ్ళ ఒకటికి తోక ఉంటుందిగా, ఎవరైనా నమ్ముతారు. ఆ తొమ్మిదీ తీసెయ్."

నంబర్లు రాసింది త్సాంకా పిన్ని. ముప్పై ఏళ్ళుగా ల్యాబులో ఉన్న మనిషి. అడిగితే భగ్గుమంది.

"ఏమే, నా ఏడుకు నడుం మీద అడ్డగీత లేకుండా ఎప్పుడైనా చూశావా? బడిలో బెత్తం దెబ్బలు తిని నేర్చుకున్నా. వడ్డాణం లేని ఏడు నా చేతిలోంచి రాదు! కళ్ళద్దాలు మార్చుకోమను మీ దొరగారిని."

సీసాలన్నీ తీసి చూశాను. ప్రతి ఏడుకూ గీత ఉంది. అంటే తప్పు యంత్రానిదే. వెళ్ళి దిమ్చెవ్‌కు అదే చెప్పాను.

"అనుమతి రాకపోతే అరవై మంది రోడ్డున పడతారు, నీతో సహా," అన్నాడు దిమ్చెవ్. "ముసలావిడ వచ్చే నెల రిటైరవుతోంది. ఆవిడ మీద తోసేస్తే పోయేదేముంది?"

ఆ తొమ్మిదీ చేతిరాత పొరపాట్లేనని దస్త్రంలో రాసి సంతకం పెట్టాను. అరవై మంది కోసమని చెప్పుకున్నాను గానీ, నా ఉద్యోగం కోసమే పెట్టాను.

తనిఖీకి వచ్చినావిడ ఆ పేజీ దగ్గర ఆగింది.

"మా అమ్మ కూడా అంతేనండీ, ఒకటీ ఏడూ ఒకేలా రాస్తుంది," అని నవ్వి పేజీ తిప్పేసింది.

ఏప్రిల్‌లో అనుమతి వచ్చింది. మొదటి యంత్రాన్ని మా ఊరి ఆసుపత్రే కొంది. సెప్టెంబరులో త్సాంకా పిన్ని కూతురు ఫోన్ చేసింది. అమ్మకు మూడు రోజులుగా చలిజ్వరమట. పరీక్షలో ఏమీ లేదని తేలి మందు ఆపేశారట.

ఆసుపత్రికి పరుగెత్తాను. పిన్ని పెదాలు నీలంగా ఉన్నాయి. నన్ను చూసి నవ్వబోయింది.

"కంగారు పడకే, మన యంత్రమేగా చూసింది."

ఆ 'మన' అన్న మాట నన్ను నిలువునా కోసేసింది. వరండాలో డాక్టరును పట్టుకున్నాను.

"యంత్రం మాట నమ్మకండి. ఆవిడకు మందు మొదలుపెట్టండి."

"ఎవరమ్మా నువ్వు?"

"దానికి అనుమతి తెచ్చినదాన్ని. తప్పు చెబుతుందని తెలిసే తెచ్చాను."

ఆయన పిన్నికి మందు పెట్టమని పురమాయించి, నర్సు వైపు తిరిగాడు.

"ఏప్రిల్ నుంచి దీని మాట నమ్మి ఇంటికి పంపినవాళ్ళ పేర్లు తీయండి."

"అందరివా డాక్టర్?" అందామె.