కావలి దూత చీటీ

చీటీ విప్పి చూడగానే బుల్లికి నవ్వాగలేదు. దేవుడికి కూడా వెటకారం ఉందన్నమాట. చీటీలో వదిన పేరుంది.

క్రిస్మస్‌కి ముందొచ్చే ఆగమన కాలం మొదటి ఆదివారం, ఆకుల వలయంలో తొలి ఊదారంగు కొవ్వొత్తి వెలిగించాక ఆ ఇంట్లో నలుగురూ చీటీలు తీస్తారు. ఎవరి పేరొస్తే క్రిస్మస్ దాకా వాళ్లకి కావలి దూతగా ఉండాలి. గుట్టుగా మంచి చెయ్యాలి, పండగనాడు బయటపడాలి. అమ్మ పెట్టిన ఆచారం. కూతురికీ కోడలికీ మధ్య ఏం జరిగిందో తెలియదు కాబట్టి ఆవిడకిదంతా ముచ్చటే.

జరిగిందేమిటంటే, రెండేళ్ల కిందట బుల్లీ వదినా ఒకే లాండ్రీలో ఇస్త్రీ చేసేవాళ్లు. ఎవరిదో పెళ్లిగౌను మీద వదిన ఇస్త్రీపెట్టె మరిచిపోయింది. యజమాని వచ్చేసరికి వేలు బుల్లి వైపు చూపించింది. బుల్లి ఉద్యోగం ఊడింది, వదిన అదే బల్ల దగ్గర నిక్షేపంగా ఉంది. "ఇంట్లో చెప్పకు, మీ అన్న నన్ను బతకనివ్వడు" అని కాళ్లావేళ్లా పడితే బుల్లి నోరు కుట్టేసుకుంది. కడుపుమంట మాత్రం చల్లారలేదు.

అందుకే పగ తీర్చుకోవడానికి పద్ధతిగా మంచి చేసింది. వదిన లేచేసరికి వేడినీళ్లు సిద్ధం. తెగిన చెప్పు పట్టీకి కుట్టు పడింది. బ్యాగు జిప్పు బాగైంది. కాలిన వేళ్లకి రాసుకునే మందు, ఉన్ని మఫ్లరు, ఒక్కోటీ పొట్లం కట్టి వదిన దిండు కింద దాచింది. ఆ పొట్లాలు కట్టింది మాత్రం అన్న మెకానిక్ షెడ్డు నుంచి తెచ్చే స్పేరుపార్టుల కాగితాల్లో, అచ్చం అన్నలాగే రాగితీగ మెలిపెట్టి. మూలన కాస్త గ్రీజు మరక కూడా అంటించింది.

వదిన గాలానికి చిక్కింది. గులాబీ కొవ్వొత్తి వెలిగించిన మూడో ఆదివారం మొగుడికి వడ్డిస్తూ కూనిరాగం తీసింది. పెళ్లైన తొమ్మిదేళ్లలో ఆయన ఆవిడకి జేబురుమాలైనా కొన్న పాపాన పోలేదు. ఆ ముఖం వెలిగిపోతుంటే, "వెలగనీ, ఇంకా వెలగనీ" అనుకుంది బుల్లి.

క్రిస్మస్ పొద్దున చర్చిలో పూజ నుంచి వచ్చి, బొమ్మల పశువుల పాకలో బాలయేసుని పడుకోబెట్టి, అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. వదిన మెడలో మఫ్లరు తియ్యనేలేదు.

"నా దూతెవరో నాకు తెలిసిపోయింది అత్తయ్యా" అంది, మొగుడి వైపు ఓరగా చూసి సిగ్గుపడుతూ.

"నేనే వదినా" అంది బుల్లి. "నీళ్లూ, చెప్పూ, మఫ్లరూ, అన్నీ నేనే. అన్నయ్యకి తెలియను కూడా తెలియదు. కావాలంటే అడుగు."

అన్న కంచంలోంచి తలెత్తి, "ఏ మఫ్లరు?" అన్నాడు.

వదిన ముఖంలో నెత్తురు చుక్క లేదు. బుల్లికి కడుపు నిండిపోయింది. రెండేళ్లు పస్తున్నాక ఎంత రుచిగా ఉందో!

"మరి నువ్వెవరికి దూతవిరా?" అమ్మ కొడుకుని అడిగింది. "నీ పేరు నాకొచ్చింది. నా పేరు కోడలికొచ్చింది."

అన్న బుర్ర గోక్కున్నాడు. "చీటీ చొక్కా జేబులో పెట్టినట్టున్నానమ్మా. విప్పి చూడనేలేదు."

నలుగురిలో మిగిలింది ఒక్కతే. నాలుగు వారాల్లో తనకోసం ఎవరూ గ్లాసుడు నీళ్లైనా పెట్టలేదని బుల్లికి అప్పుడే తట్టింది. ఇంతకాలం ఆ వంక చూడ్డానికి తీరికెక్కడిది!

ఆ సంగతి వదినకి ఒక్క క్షణం ముందే అర్థమైంది. ముఖానికి మెల్లగా రంగు తిరిగి వచ్చింది, నవ్వు కూడా వచ్చింది.

"నీకేం వచ్చాయి బుల్లీ?" అంది ఎంతో ప్రేమగా. "మాకూ చూపించు."