దుప్పటికి రెండో కొస

అక్కా నేనూ లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతూ కట్టుకున్న పాట అది. చెరో కొసా పట్టుకుని వెనక్కి నడుస్తూ అక్క అడిగేది: "ఏమే చెల్లీ, వాకిట్లో ఎవరే?" కొసలు కలపడానికి ఎదురొస్తూ నేను చెప్పేదాన్ని: "ఎండే అక్కా, లోపలికి రానా అంటోంది." ఒక్కరే పాడితే అది పాట కాదు, పోలీసు విచారణ.

బట్టలివ్వడానికొచ్చిన క్యాసెట్ కంపెనీ ఆయన చెవిన పడింది. దీనితోపాటు అక్క పాడే పాటలన్నీ క్యాసెట్‌గా తెస్తానన్నాడు. సరిగ్గా రికార్డింగ్ రోజున నా గొంతు పూడుకుపోయింది. దరిద్రం చెప్పి వస్తుందా!

"పర్లేదమ్మా, అక్కగారు ఖాళీలు వదిలి పాడతారు. మీ గొంతు బాగయ్యాక నింపేద్దాం" అన్నాడు రికార్డింగ్ అబ్బాయి.

అక్క చేతిలో తువ్వాలు పట్టుకుని పాడింది. అడిగినప్పుడల్లా ఆగి, స్టూడియో గాజు అద్దంలోంచి నన్ను చూసేది. నేను ఇవతల పెదాలు కదిపేదాన్ని.

గొంతు విచ్చుకుని వెళ్లేసరికి క్యాసెట్ షాపుల్లో ఉంది. "ఖాళీలు బాలేవని సార్ తీయించేశారండీ. ఇప్పుడు వినండి, ఎలా పరిగెడుతోందో!" అన్నాడు ఆ రికార్డింగ్ అబ్బాయే.

పరిగెత్తింది. బడుల్లో, బస్సుల్లో, టీవీ పోటీల్లో ఊరూరా అదే పాట. అక్కను చూసే పాటలు నేర్చుకున్నామని పెద్ద పెద్ద గాయనులే చెబుతారు. అందరూ గుక్క తిప్పుకోకుండా అడిగేవాళ్లే, జవాబుందని ఎవరికీ తెలియదు. ఒక పోటీ చూడ్డానికెళ్లి, ఉండబట్టలేక కూర్చున్న చోటినుంచే నా వంతు అందుకుంటే, ముందు వరసలోని పాటల టీచరు వెనక్కి తిరిగి, "ఒరిజినల్‌లో అలా లేదండీ" అంది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి. ఒళ్లు మండిపోయింది.

అయినా ఇంట్లో మేమిద్దరం దుప్పటి పట్టుకుంటే పాట నిండుగానే ఉండేది. అదొక్కటీ నాకు చాలనుకున్నాను.

ఈమధ్య అక్కకు మతిమరుపు ముదిరింది. తెలిసిన పాటలు వినిపించమన్నాడు డాక్టరు. అక్క మనవరాలు పొద్దస్తమానం ఆ క్యాసెట్ పాటలే ఫోన్లో పెడుతోంది. పాపం, ప్రేమతోనే. వద్దని ఏ నోటితో అనను?

నిన్న ఆరిన దుప్పటి తెచ్చి కొసలు అందించాను. అక్క చేతులు మరిచిపోలేదు. వెనక్కి నడిచింది. "ఏమే చెల్లీ, వాకిట్లో ఎవరే?"

నా ప్రాణం లేచొచ్చింది. నోరు తెరిచేలోపే, "పొయ్యిమీద ఏమే?" అని తర్వాతి ప్రశ్న అందుకుంది.

"అక్కా, ఆగవే! నేను చెప్పాలి."

ఆగి, నా మొహంలోకి జాలిగా చూసింది. "కొత్తగా చేరావా అమ్మా? ఇందులో రెండో మనిషి పాడేది లేదు. నువ్వు కొసలు పట్టుకో చాలు."

పట్టుకున్నాను.