పన్నెండు పాయింట్ నాలుగు

పొద్దున్నే ల్యాబు తాళం తీసి, మిషన్ ఆన్ చేసి, నా ఎడమచేతికి నేనే పట్టీ బిగించుకుని రెండు మిల్లీలీటర్ల రక్తం తీసుకోవడం నా రోజులో తొమ్మిదో పని. మొదటి ఎనిమిదీ ఇంట్లోనే అయిపోతాయి. పట్టీ కొసని పళ్ళతో లాగడం అలవాటైపోయింది. ఆ ట్యూబు మీద పేరు రాయను, 'నార్మల్' అని రాస్తాను. పేషెంట్లెవరూ రాకముందే అది మిషన్లోకి వెళ్తుంది. హిమోగ్లోబిన్ పన్నెండు పాయింట్ నాలుగు చూపిస్తే మిషన్ బాగున్నట్టు, ఇక ఆ రోజు పని మొదలుపెట్టొచ్చు.

నిజానికి ఇది నా రక్తం చెయ్యాల్సిన పని కాదు. దీనికోసం కంపెనీవాళ్ళు ముందే కొలిచిన రక్తం నింపి, అంకె పైన అచ్చువేసి పంపే చిన్న సీసా ఒకటుంటుంది. నాలుగేళ్ళ కిందట ఒకసారి ఆ సీసా రావడం ఆలస్యమైంది. డాక్టరు గారు మా అందర్నీ వరసగా చూసి, "జబ్బూ జ్వరమూ లేనిది మీరొక్కరే కదమ్మా, ఇవాళ్టికి కాస్త మీ చెయ్యివ్వండి," అన్నారు. ఆ ఇవాళ నాలుగేళ్ళు సాగింది. తర్వాత సీసా ఊసెత్తినవాళ్ళు లేరు. "మీరుండగా సీసా ఎందుకు, మీరే మా కొలబద్ద," అనేవారు. సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు గర్వంగా ఉండేది. పుట్టింట్లోగానీ అత్తింట్లోగానీ నన్ను చూసి ఎవరూ దేన్నీ సరిచూసుకున్న పాపాన పోలేదు.

ఏడాదిగా నాకు ఒంట్లో బాగుండటం లేదు. నెలసరి వస్తే పది రోజులకి గానీ ఆగదు. మెట్లెక్కితే గుండె చెవుల్లో కొట్టుకుంటుంది. బట్టలు ఆరెయ్యడానికి చేతులు పైకెత్తితే కళ్ళు చీకట్లు కమ్ముతాయి. ఇంట్లో చెప్పాను. చెప్పలేదని రేపెవరూ అనకూడదు కాబట్టి మళ్ళీ అంటున్నాను, చెప్పాను. "ముగ్గుర్ని కన్నాను, ఒక్కరోజైనా పగలు నడుం వాల్చానా?" అంది అత్తయ్య. "కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగానికే ఇంత నీరసమా?" అన్నాడు మా ఆయన. "మీ ల్యాబులోనే టెస్టు చేయించుకో, నీ అనుమానం తీరిపోతుంది," అని సలహా కూడా ఇచ్చాడు. చేయించుకోవడమేమిటి, నేనే చేసుకున్నాను. పన్నెండు పాయింట్ నాలుగు. ఆ కాగితాన్ని అయస్కాంతం పెట్టి ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. అప్పట్నుంచీ నేనెప్పుడు కూలబడినా నోరు మెదపకుండా వేలితో అటు చూపించేవాడు. పదేళ్ళ మా అమ్మాయి కూడా ఒకరోజు, "నీకేం లేదుగా అమ్మా, ఫ్రిజ్ మీద ఉందిగా," అంది. అందరికంటే ఘోరం నాది. నేనూ నమ్మాను. కాగితాన్ని నమ్మి నా ఒంటిని అనుమానించాను. ఒళ్ళొంగని మనిషివి నువ్వు అని నన్ను నేనే తిట్టుకుని లేచేదాన్ని.

ఈ ఏడాదిలోనే మా మిషన్ కూడా మొరాయించడం మొదలుపెట్టింది. మొదటిసారి పొద్దున్న నా ట్యూబు పెడితే పదకొండు పాయింట్ ఆరు వచ్చింది. "మిషన్ తక్కువ చూపిస్తోంది," అన్నారు డాక్టరు గారు. లోపల సెట్టింగుల్లో ఒక అంకె పెంచితే నా రక్తం మళ్ళీ పన్నెండు పాయింట్ నాలుగు దగ్గరికి వచ్చి నిలబడింది. రెండు నెలలకి మళ్ళీ దిగింది, మళ్ళీ పెంచారు. అలా నాలుగుసార్లు. "మీరు మారరమ్మా, మిషనే మారుతుంది," అని నవ్వేవారు. నేనూ నవ్వి, వెళ్ళి అందరికీ టీ కలిపేదాన్ని. ఇటు చూస్తే మగవాళ్ళ రిపోర్టులన్నీ మహా పుష్టిగా రావడం మొదలైంది. పదిహేడు, పద్ధెనిమిది! ఈ పేట మగాళ్ళు ఏం తింటున్నారోనని ల్యాబంతా నవ్వుకున్నాం. మా ఆయనకి పదిహేడున్నర వచ్చింది. "చూశావా, రక్తమంటే ఇదీ," అని ఆ కాగితాన్ని నా కాగితం పక్కనే అంటించాడు. రోజూ రక్తంతోనే పనిచేసే ఆరుగురం, ఒక్కరికీ అనుమానం రాలేదు.

మా వీధి చివర బట్టలు కుట్టే ఆమె ఉండేది. మా అమ్మాయి స్కూలు బట్టలన్నీ ఆమే కుట్టింది. రెండో కాన్పు. మా ల్యాబుకి మూడుసార్లు వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు కుర్చీలో కూర్చున్నాక కూడా ఆయాసపడుతూనే ఉంది. "అక్కా, కుట్టుమిషన్ పది తొక్కులు తొక్కితే గుండె ఆగేలా ఉంది. ఇంట్లో నాటకాలంటున్నారు. నువ్వైనా సరిగ్గా చూసి చెప్పక్కా," అంది. కంటి కింది రెప్ప లాగి చూశాను. పాలిపోయి తెల్లగా ఉంది. తర్వాత మిషన్ చూశాను. పది పాయింట్ ఎనిమిది. కడుపుతో ఉన్న మనిషికి పదకొండు ఉంటే మంచిది, పిసరంత తగ్గింది, అంతే. నా కన్ను ఒకటి చెప్పింది, కాగితం ఇంకొకటి చెప్పింది. నేను కాగితం వైపు నిలబడ్డాను. "బాగానే ఉందమ్మా. ఊరికే దిగులు పెట్టుకోకు, చాలావరకూ మన మనసులోనే ఉంటుంది," అన్నాను. అది మా ఆయన నాతో అనే మాట, అక్షరం పొల్లుపోకుండా. నా నోట్లోంచి వస్తున్నప్పుడు నాకు తెలుస్తూనే ఉంది. ఆమె నా మొహంలోకి ఒక క్షణం చూసి, "సరే అక్కా," అని కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

పది రోజుల కిందట కాన్పులో పోయింది. బిడ్డ బతికింది. మరీ ఎక్కువేం పోలేదట రక్తం, ఆ కాస్తకే ఆమె తట్టుకోలేకపోయిందట. "రిపోర్టు బాగానే ఉందే, పాపం," అన్నారు డాక్టరు గారు. నేనూ పాపం అనుకున్నాను.

వచ్చే వారం తనిఖీకి వస్తున్నారని తెలిసి ఇన్నాళ్ళకి డాక్టరు గారు సీసాలు తెప్పించారు. ఇవాళ పొద్దున ఒకటి విప్పి మిషన్లో పెట్టాను. సీసా మీద పన్నెండు అని ఉంది. మిషన్ పదిహేను చూపించింది. సీసా పాడైందనుకున్నాను. రెండోది విప్పాను, పదిహేను. మూడోదీ అంతే. మూడు సీసాలు కూడబలుక్కుని ఒకే అంకెకి పాడవ్వవు కదా. స్టూలు లాక్కుని మిషన్ ముందు కూర్చున్నాను. సీసాకి పన్నెండు వచ్చేదాకా సెట్టింగు వెనక్కి తిప్పాను. ఇక నా ట్యూబు పెట్టాలి. పెట్టడానికి నాకు ధైర్యం చాల్లేదు, ఐదు నిమిషాలు దాన్ని చేతిలో పట్టుకునే ఉన్నాను. పెట్టాను. తొమ్మిది పాయింట్ తొమ్మిది.

మిషన్ ఏనాడూ దిగలేదు. దిగింది నేను. నేను దిగిన ప్రతిసారీ మిషన్ని నాకు తగ్గట్టు తిప్పారు. ఈ పేటలో నీరసమని వచ్చిన ప్రతి ఆడదాన్నీ నా జబ్బుతో కొలిచి, నీకేం లేదు పొమ్మని పంపించాం. రోజూ పళ్ళతో పట్టీ లాగి తీసుకున్న ఆ రెండు మిల్లీలీటర్లు కూడా నాలోంచి పోయినవే. బట్టలు కుట్టే ఆమె పది పాయింట్ ఎనిమిదిని సరిగ్గా లెక్కేస్తే ఎనిమిదిన్నర చిల్లర. మందులిస్తే, రక్తం ఎక్కిస్తే నిలబడే మనిషి. నాకు ఏడుపు రాలేదు. రావాల్సినంత చిన్న విషయం కాదిది.

డాక్టరు గారికి మూడు సీసాలూ చూపించాను. ఆయన మొహం పాలిపోయింది. తేరుకున్నాక అన్న మొదటి మాట, "ఒంట్లో బాలేదని ఒక్క మాట ముందే చెప్పొచ్చుగా అమ్మా?" ఎన్నిసార్లు చెప్తే ఒక్క మాట అవుతుందో నాకు తెలీలేదు. ఆయన లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చారు. "తనిఖీ అయ్యేదాకా మనిద్దరి మధ్యే ఉండనివ్వండి. ఇప్పుడు బయటపెడితే ల్యాబు మూతపడుతుంది. రిపోర్టుల మీద సంతకాలు కూడా మీవే, ఆలోచించుకోండి. పోయినామె ఎలాగూ తిరిగిరాదు." నేను బయటికి వస్తుంటే మెత్తగా, "ఐరన్ మాత్రలు వేసుకోండమ్మా. అలాగే కాస్త టీ పెట్టండి," అన్నారు.

టీ పెట్టలేదు. రిజిస్టరు తీశాను. ఇంకా కాన్పు కానివాళ్ళు ఆరుగురున్నారు. మొదటి నంబరు నొక్కబోతుంటే మా ఆయన ఫోను. "సాయంత్రం పెందలాడే రా, మా వాళ్ళు భోజనానికి వస్తున్నారు." "నాకు రక్తం తొమ్మిది పాయింట్ తొమ్మిదే ఉంది," అన్నాను. "మళ్ళీ మొదలుపెట్టావా? ఫ్రిజ్ మీద..." అంటున్నాడు. పెట్టేశాను. ఆరుగురికీ చేశాను. మా రిపోర్టు తప్పు, ఇవాళే పెద్దాసుపత్రికి వెళ్ళి మళ్ళీ చేయించుకోండి, మీ నీరసం నిజమే అని చెప్పాను. ఒకామె గట్టిగా ఏడ్చింది. ఇంకొకామె గొంతు తగ్గించి, "ఈ మాట మా ఆయనకి కూడా చెప్పవా అక్కా, నేను చెప్తే నమ్మడు," అంది. ఆయనకీ చెప్పాను. మిగతా ఆడవాళ్ళు రెండొందల పైనే ఉన్నారు.

ఏడో నంబరు బట్టలు కుట్టే ఆమెది. దానికి చేసినా ఎవరికీ ఏ మేలూ జరగదు. చేస్తే మాత్రం ఈ కుర్చీ నాకు ఉండదు. చేశాను. వాళ్ళ అత్తగారు ఎత్తింది. వెనక పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది.

"ల్యాబు నుంచండి."

"ఇంకేం ల్యాబమ్మా. ఆ పిల్ల పోయింది."

"తెలుసండీ," అన్నాను.

ఆమే మాట్లాడింది. "మీ కాగితంలో బాగానే ఉందన్నారుగా. అది పడుకుంటే చాలు, పని దొంగ అని తిట్టేదాన్ని. ఆఖరి రోజు కూడా లేపి గిన్నెలు తోమించాను. అంత బాగున్న మనిషి ఎట్లా పోయిందమ్మా? మీకేమన్నా తెలుసా?"

వెనక డాక్టరు గారి గది తలుపు తెరుచుకున్న చప్పుడైంది. టీ ఏదమ్మా అంటున్నారు.

"మీ కోడలు చెప్పిందే నిజమండీ," అన్నాను, ఆయనకీ వినపడేలా. "బాగానే ఉందని అబద్ధం చెప్పింది నేను."