నాన్న తీసిన ఫొటోలు

ఆ పిల్లకు క్లాసులో ఎదురే లేదు. యూనివర్సిటీవాళ్లు మెరిట్ చూసి ఇచ్చే స్కాలర్‌షిప్ దొరికితే ఫీజు మొత్తం మాఫీ, దొరక్కపోతే తండ్రి ఫొటో స్టూడియోలో కౌంటరే గతి. రాతపరీక్ష గట్టెక్కింది. ఇక ఇంటర్వ్యూ ఒక్కటే మిగిలింది.

ఇంటర్వ్యూ గదిలో నడిమి కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి దరఖాస్తు మీది ఫొటోనీ, ఎదురుగా నిలబడ్డ పిల్లనీ మార్చి మార్చి చూశాడు. పిల్ల ఎడమ చెంపంతా వంకాయ రంగు మచ్చ, పుట్టుకతో వచ్చింది. ఫొటోలో ఆ చెంప నున్నగా మెరుస్తోంది.

"ఈ అమ్మాయెవరమ్మా?"

"నేనేనండీ. మా నాన్నగారు ఫొటోగ్రాఫర్. టచప్ చేశారు."

"అబ్బో! ముఖమే మార్చేశాడే!" అన్నాడాయన. పక్కనున్నావిడ కిసుక్కున నవ్వింది. "పోయినేడు ఒకడు తన బదులు అన్నని పంపాడు. నువ్వూ మా చెవుల్లో పూలు పెడదామనుకున్నావా?"

పిల్ల గుర్తింపు కార్డు చూపించింది. అదీ నాన్న తీసిన ఫొటోనే, అందులోనూ మచ్చ లేదు. బడి సర్టిఫికెట్లో ఒంటిమీది గుర్తులు రాసేచోట, ఆ కన్నతండ్రి "ఏమీ లేవు" అని రాయించి పెట్టాడు! ఏం మనిషండీ!

"ఐదింటిలోపు ఆ మచ్చ కనిపించే పాత ఫొటో ఒక్కటి తీసుకురా. ఇవాళ తీయించింది కాదు, సాక్ష్యానికి మీ నాన్నా వద్దు. తేలేకపోతే నీ తర్వాతివాళ్లకి ఇచ్చేస్తాం," అన్నాడు పెద్దమనిషి.

పిల్ల పరుగున స్టూడియోకి వచ్చింది. తండ్రి ఎవరో బట్టతలాయన ఫొటోకు సన్నకుంచెతో జుట్టు మొలిపిస్తున్నాడు. సంగతి విని తేలిగ్గా నవ్వాడు.

"ఓస్, ఇంతేనా! నీకు తీసినన్ని ఫొటోలు ఈ వీధి మొత్తానికి తీసుండను తల్లీ."

ఆల్బమ్‌లన్నీ బల్ల మీద పరిచాడు. ఉయ్యాల్లో పిల్ల, సైకిల్ మీద పిల్ల, బహుమతి అందుకుంటూ పిల్ల. ఒక్కదాంట్లోనూ మచ్చ లేదు. బడివాళ్ల గ్రూపు ఫొటో తీసిందీ ఈయనే, అందులోనూ లేదు. పేజీలు తిప్పేకొద్దీ ఆయన నవ్వు ఆవిరైపోయింది.

"నెగటివ్‌లు ఉంటాయి కదా నాన్నా?"

ఆయన ఆల్బమ్ మూసేశాడు. "రంగు వేసింది నెగటివ్‌ల మీదే అమ్మా. అదిక పోదు. పెద్దయ్యాక చూసుకుని నువ్వు బాధపడకూడదని..."

"నేను రోజూ అద్దంలో చూసుకుంటూనే ఉన్నాగా. చూడలేకపోయింది నువ్వు."

ఆయన ముఖం మాడిపోయింది. గబగబా పెద్ద లైట్లు వేశాడు. "కూర్చో. ఇప్పుడే ఉన్నదున్నట్టు తీసేస్తా. ఇద్దరం పోదాం. వాళ్ల కాళ్లు పట్టుకుంటా."

కొత్త ఫొటో పనికిరాదని ఇద్దరికీ తెలుసు. అయినా పిల్ల స్టూలు మీద కూర్చుంది. ఆయన కెమెరా వెనక్కి వెళ్లాడు.

"ముఖం కాస్త అటు తిప్పమ్మా. ఆ చెంప పడకుండా."

తానన్న మాట ఆయన చెవికే ఎక్కలేదు. పిల్ల చెవికి మాత్రం ఎక్కింది. ముఖం తిప్పకుండా సూటిగా కెమెరాలోకి చూసింది.

"కన్నవాడివి నీకే నేను అక్కర్లేదు నాన్నా," అంది. "వాళ్లు గుర్తుపట్టలేదని ఏడవడం ఎందుకు?"